వెంట వెళ్లడమా, ఊళ్లోనే ఉండడమా: జవానును చేసుకున్న అమ్మాయికి ఏది మేలు?

పెళ్లికని పెట్టిన సెలవు అయిపోవస్తుంటే కర్నూలైనా, కడపైనా, అనంతపురమైనా ఇంట్లో ఒకటే పంచాయితీ. అబ్బాయి యూనిట్‌కు పోవాల. అమ్మాయి వెంట పోవాలా, అత్తగారింట్లో ఉండాలా, పుట్టింటికి పోవాలా, టౌనులో గది తీసుకోవాలా? "రెండేండ్లు ఈడుంటే ఏం పాయె, వాడు సెలవుకు రాడా" అంటుంది జేజి. "కొత్త జంటను విడదీస్తారా" అంటుంది మేనత్త. అబ్బాయి ఇద్దరి మాటకూ తలూపుతాడు.

ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువమంది డబ్బు లెక్కతో మొదలుపెడతారు. ఆ లెక్కకు తర్వాత వద్దాం. నన్నడిగితే ముందు తేలాల్సింది వేరే ఉంది. ఈ పీస్ స్టేషన్‌లో, అంటే కుటుంబాన్ని వెంట ఉంచుకోగల చోట, అబ్బాయికి ఇంకా ఎన్ని నెలలు మిగిలున్నాయి? ఇది తెలియకుండా ఎంత మాట్లాడుకున్నా గాలిలో మాటలే.

యూనిట్ కొంతకాలం పీస్‌లో, కొంతకాలం ఫీల్డులో, అంటే సరిహద్దు లాంటి చోట, ఉంటుంది. మామూలుగా ఒక్కోచోట రెండు మూడేండ్లు. ఫీల్డుకు కుటుంబం పోదు, అక్కడ చర్చే లేదు. పీస్‌కు వచ్చినప్పుడు పెళ్లయినవాళ్లంతా క్వార్టరుకు పేరు రాసుకుంటారు. వెయిటింగ్ లిస్టులో కొత్తగా పెళ్లయిన సిపాయి అడుగునే ఉంటాడు. మిగిలిన కాలంలోంచి వెయిటింగ్ కాలం తీసేస్తే మీ చేతికి దక్కే కాపురం ఎన్నాళ్లో తెలుస్తుంది. ముప్పై నెలలు మిగిలి, క్వార్టరుకు పన్నెండు నెలలు పట్టేట్టుంటే పద్దెనిమిది నెలలు దక్కుతాయి. ఎనిమిది నెలలే మిగిలి, వెయిటింగే పది నెలలుంటే ఆ క్వార్టరు మీకు రాదు.

కాబట్టి అబ్బాయి కంపెనీ క్లర్కును రెండు సంగతులు అడగాల. లిస్టులో తన నంబరెంత? గత ఆరు నెలల్లో ఆ లిస్టు ఎంత ముందుకు జరిగింది? నంబరొక్కటే అడిగితే లాభం లేదు. నలభయ్యో నంబరైనా నెలకు ఐదారు ఖాళీ అవుతుంటే ఏడాదిలోపే వస్తుంది, పదిహేనో నంబరైనా లిస్టు కదలకపోతే రాదు. యూనిట్ ఎప్పుడు, ఎక్కడికి కదులుతుందనేది ఫోన్లో, వాట్సాప్‌లో మాట్లాడుకునే విషయం కాదు. ఇంట్లోవాళ్లు కూడా గుచ్చి గుచ్చి అడగొద్దు. "ఇంకో ఏడాదిన్నర ఉంటాం" అని అతను చెప్తే చాలు.

ఏడాదిన్నర, అంతకంటే ఎక్కువ మిగిలుంటే వెంట వెళ్లడమే మేలని నా అభిప్రాయం. క్వార్టరు వచ్చేదాకా ఆగకుండా సివిల్లో, అంటే కంటోన్మెంటు బయట, గది తీసుకునైనా వెళ్లాల. రేపు ఫీల్డు పోస్టింగు వస్తే రెండేండ్లు ఎట్లాగూ విడిగా ఉండాల్సిందే. చేతిలో ఉన్న నెలలను క్వార్టరు కోసం ఎదురుచూస్తూ పోగొట్టుకోవడమెందుకు? ఎనిమిది తొమ్మిది నెలలే ఉంటే మాత్రం సామాను మోసుకుపోవద్దు. ఇల్లు వెతకడం, సర్దుకోవడం, ఆ ఊరికి అలవాటు పడడంతోనే మూడు నెలలు పోతాయి, ఖాళీ చేసే హడావుడిలో ఇంకో నెల. దానికంటే వేసవిలోనో, సంక్రాంతి తర్వాతో ఒక నెల చూసి రావడం మంచిది. ఈ రెంటికీ నడుమ ఉన్నవాళ్లకు బిడ్డ సంగతే తేలుస్తుంది, అది కింద చెప్తాను.

ఏ దారి పట్టినా ముందు కావాల్సింది పార్ట్ టూ ఆర్డర్. పెళ్లయినట్టు, ఫలానా అమ్మాయి భార్య అయినట్టు యూనిట్ రికార్డులో ఎక్కేది దీంతోనే. ఇది లేకుండా క్వార్టరు, మిలిటరీ ఆసుపత్రిలో వైద్యం, డిపెండెంట్ కార్డు ఏవీ కదలవు. పెళ్లయిన వారంలోపే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్టర్ చేయించుకోండి. ఇద్దరి ఆధార్, వయసు రుజువులు, శుభలేఖ, పెళ్లి ఫొటో, సాక్షులు కావాల. సెలవు ముగిసే ముందురోజు పోతే సాక్షి ఊళ్లో ఉండడు, సర్వర్ పనిచేయదు, పని ఇంకో సెలవుదాకా వాయిదా పడుతుంది.

అడ్డం తిరిగేది ఎక్కువగా పేరు దగ్గర. మన దగ్గర అమ్మాయి పేరు పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా, బ్యాంకు పుస్తకంలో అసలు ఇంటిపేరే లేకుండా ఉంటుంది. 'లక్ష్మీదేవి' ఇంగ్లీషు స్పెల్లింగు మూడు చోట్ల మూడు రకాలు. సైన్యం రికార్డ్ ఆఫీసు నుంచి కాగితం తిరిగొచ్చేది వీటివల్లే. పదో తరగతి మెమోను మార్చడం అన్నిటికంటే కష్టం కనుక దాన్నే పట్టుకుని, మిగతావి దాని ప్రకారం దిద్దించుకోండి. భర్త ఇంటిపేరు పెట్టుకోవాలన్న తొందర ఇప్పుడొద్దు. సగం కాగితాల్లో పాతది, సగంలో కొత్తది అయితే రెండు పేర్లూ ఒకరివేనని నిరూపించుకుంటూ తిరగాల.

ఇక డబ్బు. క్వార్టరు ఇస్తే ఇంటి అద్దె భత్యం రాదు. ఇవ్వకపోతే వస్తుంది. 2024 జనవరి నుంచి ఆ రేటు ఊరి తరగతిని బట్టి మూల వేతనంలో 30, 20, 10 శాతం. 24,500 మూల వేతనం ఉన్న సిపాయికి హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ లాంటి పెద్ద నగరాల్లో 7,350, రెండో తరగతి నగరాల్లో 4,900, మన మూడు ఊళ్ల లాంటి చోట 2,450. మిలిటరీ సర్వీస్ పే ఈ లెక్కలో కలవదు. సివిల్లో ఉండాలంటే యూనిట్ నుంచి అవుట్ లివింగ్ పర్మిషన్ ముందే తీసుకోవాల. కాగితం లేకుండా అమ్మాయిని దించి, తర్వాత అడుగుదాంలే అనుకుంటే భత్యం వెనకబడుతుంది, మాట కూడా పడాల్సి వస్తుంది.

సివిల్లో గది చూసేటప్పుడు చాలామంది అద్దె ఒక్కటే చూస్తారు. ఎక్సర్‌సైజులు అనే యుద్ధ శిక్షణలు, గార్డు డ్యూటీలు వస్తే పీస్‌లో ఉన్నా అతను వారాల తరబడి ఇంటికి రాడు. ఆ రోజుల్లో అమ్మాయి ఒక్కతే ఉండాల, భాష కూడా రాదు. అందుకే ఐదొందలు ఎక్కువైనా ఇంకో ఫౌజీ కుటుంబం ఉన్న ఇంట్లోనే తీసుకోండి. యూనిట్ గేటుకు నడిచిపోయేంత దూరంలో ఉండాల. సబ్ మీటరు ఉంటే ఒక్కో కరెంటు యూనిట్‌కు ఎంత వసూలు చేస్తారో ముందే అడిగి రాయించుకోండి. పోస్టింగు వస్తే నెల నోటీసుతో ఖాళీ చేసి అడ్వాన్సు వెనక్కు తీసుకునే షరతు అగ్రిమెంటులో ఉండాల.

గ్యాసుకు మొదటి నెలల్లో ఐదు కిలోల చిన్న సిలిండరు మేలు. దానికి అడ్రసు రుజువు అడగరు, గుర్తింపు కార్డు చాలు. ఏడాదికి పైగా ఉంటామని ఖాయమైతే ఊళ్లో ఉన్న కనెక్షన్‌ను సరెండర్ చేసి, టెర్మినేషన్ వోచర్ తీసుకుపోయి అక్కడ కొత్తది తీసుకోవచ్చు. సిలిండరుతో పాటు రెగ్యులేటరు కూడా ఇక్కడే అప్పజెప్పాల.

క్వార్టరు వచ్చిందా, తాళం చేతికొచ్చిన రోజు గంటసేపు ఓపిక పట్టండి. దాన్ని మార్చింగ్ ఇన్ అంటారు. సైన్యం ఇళ్ల మరమ్మతులు చూసే ఎంఈఎస్ మనిషి ఒక జాబితా తెచ్చి సంతకం పెట్టమంటాడు: ఫ్యాన్లు ఇన్ని, బల్బు హోల్డర్లు ఇన్ని, కుళాయిలు ఇన్ని, వాష్ బేసిన్ ఒకటి. సామాను దించే హడావుడిలో అందరూ గబగబా పెట్టేస్తారు. పెట్టొద్దు. ప్రతి కుళాయీ తిప్పి చూడండి. బేసిన్‌లో వెంట్రుకంత పగులున్నా, కిటికీ అద్దం మూల విరిగినా, తలుపు గడియ వదులైనా ఆ కాగితం మీదే రాయించండి, తేదీతో ఫొటో తీసుకోండి. కరెంటు మీటరు రీడింగు కూడా. ఖాళీ చేసేటప్పుడు మార్చింగ్ అవుట్‌లో అదే జాబితా బయటికొస్తుంది. అందులో లేని పగులు మీరు చేసిన పగులే, ఖర్చు జీతంలో కోస్తారు.

తిండి సంగతికి వస్తే, బియ్యం బస్తా రైల్లో మోసుకుపోవద్దు. పెద్ద కంటోన్మెంట్ల దగ్గర సోనా మసూరి దొరుకుతుంది, అబ్బాయి వంతు రేషన్ యూనిట్ నుంచి ఎట్లాగూ వస్తుంది. ఉత్తరాదిన మనకు నచ్చే చింతపండు దొరకదు, అది రెండు కిలోలు పెట్టుకోండి. బుడ్డల పొడి, ఎండుమిరపకాయలు సరే. సంగటి లేకుండా ఉండలేనివాళ్లు రాగిపిండి కాకుండా రాగులే తీసుకుపోవాల. పిండి వానాకాలంలో పురుగు పడుతుంది. గింజలైతే అక్కడి ఆటా చక్కీలో కొంచెం కొంచెంగా ఆడించుకోవచ్చు. గోధుమలు ఆడిన వెంటనే వేస్తారు కనుక మొదట వచ్చే రెండు దోసిళ్లు పక్కకు తీయించండి. గోధుమపిండి కలిస్తే సంగటి బంకబంకగా సాగుతుంది, ముద్ద నిలబడదు.

ఊళ్లో ఉండడం వైపు కూడా న్యాయంగా చూడాల. ఖర్చు తక్కువ, మనుషులుంటారు, అత్తామామలకు తోడు. అబ్బాయి ఫీల్డులో ఉంటే ఇదే దారి, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. కష్టం రెండు చోట్ల వస్తుంది. మొదటిది జీతం. ఇన్నాళ్లు అమ్మకో నాయనకో పంపే డబ్బు ఇప్పుడు ఎవరికి పంపాల? మాటల్లో తేల్చుకోకుండా వదిలేస్తే ఆరు నెలల్లో మనస్పర్థ ఖాయం. అమ్మాయి పేరుతో విడిగా ఖాతా, ఏటీఎం కార్డు ఉండాల. ప్రతి నెలా ఇంటికింత, ఆమెకింత అని బ్యాంకులోనే స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెడితే ఆమె ఎవరినీ చెయ్యి చాచి అడిగే పని ఉండదు, నెట్‌వర్క్ లేని కొండమీద ఉన్నా అతనికి బెంగ ఉండదు.

రెండోది వైద్యం. మన మూడు జిల్లాల్లో మిలిటరీ ఆసుపత్రి లేదు. సికింద్రాబాద్‌కో బెంగళూరుకో పోవాల, కడపవాళ్లకు చెన్నై కూడా. మామూలు జ్వరానికి అంతదూరం ఎవరూ పోరు, ఊళ్లో ప్రైవేటు డాక్టరుకు పెట్టిన ఖర్చు తిరిగొస్తుందని లెక్కేసుకోవద్దు. అదే స్టేషన్‌లో ఉంటే స్కానింగు నుంచి కాన్పుదాకా మిలిటరీ ఆసుపత్రిలో డబ్బు పెట్టే పని లేదు.

బిడ్డ సంగతి చెప్తానన్నాను. మొదటి కాన్పు పుట్టింట్లోనే కావాలని మన పెద్దవాళ్ల పట్టు. ఆ పట్టులో అర్థముంది. మిలిటరీ ఆసుపత్రి వైద్యం బాగానే ఉంటుంది గానీ రాత్రి రెండు గంటలకు బాలింతకు వేడినీళ్లు పెట్టే మనిషి అక్కడ ఉండదు. అందుకని మొదటి ఆరు నెలలు అక్కడి మిలిటరీ ఆసుపత్రిలోనే చూపించుకుని, ఏడో నెలలో సీమంతానికి వచ్చి ఉండిపోవడం బాగుంటుంది. స్కానింగు రిపోర్టులన్నీ, రక్తం గ్రూపు కాగితంతో సహా, ఒక ఫైల్లో తెచ్చుకోవాల. రైల్లో గర్భిణులకు లోయర్ బెర్తు కోటా ఉంది, డాక్టరు సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. తండ్రికి 15 రోజుల పెటర్నిటీ లీవ్ ఉంటుంది. దాన్ని కాన్పు రోజుకు కాకుండా బాలింత ఇంటికొచ్చాక వాడుకుంటే ఆమెకు ఎక్కువ ఆసరా. బిడ్డ పుట్టాక మళ్లీ పార్ట్ టూ ఆర్డర్. బర్త్ సర్టిఫికెట్ మీద తండ్రి పేరు సర్వీస్ రికార్డులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాల. కాన్పుకు వచ్చేటప్పుడు క్వార్టరు ఎన్నాళ్లు తాళం వేసి ఉంచొచ్చో స్టేషన్ నియమం ముందే కనుక్కోండి. ఏడాదిలోపు మిగిలుండగా కడుపుతో ఉంటే ఇక వెళ్లాలన్న ఆలోచన మానుకోవడమే నయం.

టౌనులో ఒంటరిగా గది తీసుకోవడం బీఈడీ చదివేవాళ్లకు, బ్యాంకు కోచింగులో ఉన్నవాళ్లకు, సచివాలయం ఉద్యోగం ఉన్నవాళ్లకు తప్ప దండగ. ఫీల్డులో ఉన్నవాళ్ల కుటుంబాలకు ఇచ్చే ఎస్ఎఫ్ క్వార్టర్లు బడికి పోయే పిల్లలున్నవాళ్లకు బాగుంటాయి, కొత్త జంటకు అంత అవసరం లేదు. పోస్టింగు సికింద్రాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటే ఇంత ఆలోచనే వద్దు. కర్నూలు నుంచి సికింద్రాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు పూట ప్రయాణం. వెళ్లిపోండి.

ఊళ్లో ఉండిపోయిన జంట సెలవులను తెలివిగా విడగొట్టుకోవాల. ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవ్, 30 రోజుల క్యాజువల్ లీవ్. రెండూ కలిపి పెట్టడానికి లేదు. యాన్యువల్‌ను ఒకేసారి వాడేస్తే తర్వాత చాలా నెలలు ముఖాలు చూసుకోవడం ఉండదు. నాలుగు నెలలకొకసారి వచ్చేట్టు రెండు మూడు ముక్కలు చేసుకుంటే ఇద్దరికీ ఊరట. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. అనంతపురంవాళ్లకు కర్ణాటక ఎక్స్‌ప్రెస్, కడప, కర్నూలువాళ్లకు ఏపీ సంపర్క్ క్రాంతి ఢిల్లీదాకా నేరుగా ఉన్నాయి. పండగల ముందు రెండూ నిండిపోతాయి. సెలవు మంజూరయ్యేదాకా చూసి టికెట్టు తీస్తే బెర్తు దొరకదు, ముందే తీసి పెట్టుకుని అవసరమైతే రద్దు చేసుకోవడమే చౌక. సంపర్క్ క్రాంతి రోజూ ఉండదు. అది నడిచే రోజులు చూసుకుని సెలవు అర్జీలో తేదీ రాయమని అబ్బాయికి చెప్పండి.