లుముంబా, సంకారా: ఎవరి గురించి ముందు చదవాలి?

ఇద్దరూ హత్యకు గురైన ఆఫ్రికా నేతలే, కానీ నన్నడిగితే సంకారాతో మొదలుపెట్టండి. పాత్రిస్ లుముంబా 1960 జూన్‌లో కాంగో తొలి ప్రధాని అయితే మూడు నెలలు కూడా నిలవనివ్వలేదు, 1961 జనవరిలో కాల్చి చంపి శవాన్ని యాసిడ్‌లో కరిగించారు, మిగిలిన ఒక్క పన్నును, అంతకుముందు కాంగోను ఏలిన బెల్జియం 2022లో గానీ కుటుంబానికి ఇవ్వలేదు. తలచుకుంటేనే కడుపు మండుతుంది. అందుకే ఆయన కథలో పాలన కన్నా ఆయనకు జరిగిన అన్యాయమే ఎక్కువ.

థామస్ సంకారాకు దేశాన్ని పాలించడానికి నాలుగేళ్లు దొరికాయి. అప్పర్ వోల్టా అనే తన దేశం పేరును 1984లో బుర్కినా ఫాసోగా మార్చాడు, లక్షల మంది పిల్లలకు టీకాలు వేయించాడు, మంత్రులను మెర్సిడెస్‌లు దించి చిన్న రెనో కార్లు ఎక్కించాడు. సమ్మె చేసిన టీచర్ల ఉద్యోగాలు తీసేశాడు, అదీ చదవాలి. 1987 అక్టోబర్ 15న ఆయన్ను చంపిన కేసులో, ఒకప్పటి స్నేహితుడు కంపావోరేకు 2022లో జీవిత ఖైదు పడింది.