పొడి, పాడ్ రెండూ పడే కాఫీ యంత్రం: జయపురం వంటింట్లో మూడేళ్ల వాడకం

పొడితోనూ, ఒక కప్పుకు సరిపడా పొడి నింపి మూసిన చిన్న డబ్బీల్లాంటి పాడ్‌లతోనూ కాఫీ తీసే యంత్రం కొనవచ్చా అని ఈ ఏడాది మా బంధువుల్లోనే ముగ్గురు నన్ను అడిగారు. ముగ్గురికీ ఒకటే చెప్పాను. కొనండి, అయితే పాడ్ ఎలా తీస్తుందో చూసి కాదు, పొడి ఎలా తీస్తుందో చూసి కొనండి. పాడ్‌ను దాదాపు ఏ యంత్రమైనా బాగానే తీస్తుంది. అందులో పొడి కొలత, మెత్తదనం, అదిమిన బిగువు అన్నీ తయారైన చోటే తేలిపోయి ఉంటాయి. యంత్రం సత్తా బయటపడేది పొడి దగ్గరే. మూడేళ్లకు పైగా రోజూ వాడిన తర్వాత చెబుతున్న మాట ఇది.

మేముండేది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో. ఇంట్లో నేను, మావారు, అత్తయ్య, కాలేజీకి వెళ్లే మా అమ్మాయి. పొద్దున పక్కింటి ఒడియా వాళ్ల దగ్గర టీ మరుగుతుంటే మా ఇంట్లో డికాక్షన్ దిగుతుంది. అత్తయ్య పుట్టిల్లు విజయనగరం. అక్కడి నుంచి తెచ్చుకున్న ఇత్తడి ఫిల్టర్ ఇప్పటికీ మా గట్టు మీదే ఉంది. కాఫీ విషయంలో మా ఇంటికి ఆవిడ నాలుకే ప్రమాణం.

మావారికి డ్యూటీ వేళలు మారిపోవడంతో యంత్రం ఆలోచన వచ్చింది. తెల్లవారుజామున నాలుగున్నరకు ఆయన ఒక్కరి కోసం ఫిల్టర్ వేసి, డికాక్షన్ దిగేదాకా కూర్చోవడం కుదరలేదు. సంగతి తెలిసి, అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ గారి అబ్బాయి తన యంత్రం ఇచ్చేస్తానన్నాడు. ఒక పక్క పొడితో జగ్గు నిండా కాఫీ దిగుతుంది, మరో పక్క అక్కడి ప్లాస్టిక్ పాడ్‌తో ఒక కప్పు దిగుతుంది. చూడటానికి ముచ్చటైన వస్తువే. కానీ అది 120 వోల్టుల యంత్రం. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. అంత వేడి పుట్టించే యంత్రానికి సరిపోయే ట్రాన్స్‌ఫార్మర్ కొనాలంటే దాని ధరా బరువూ యంత్రంతో పోటీ పడతాయి. పైగా ఆ పాడ్‌లు ఇక్కడ దుకాణాల్లో దొరకవు. ప్రేమగా ఇస్తానన్నా వద్దన్నాను. అమెరికా నుంచి ఎవరైనా తెస్తామంటే ముందు యంత్రం అడుగున వోల్టుల అంకె ఎంత ఉందో ఫొటో తీసి పంపమని అడగండి.

చివరికి కొన్నది పంపు ఒత్తిడితో పనిచేసే చిన్న యంత్రం. ఇలాంటివి ఒకే అచ్చులో పోసినట్టు చాలా పేర్లతో వస్తున్నాయి. నీళ్ల డబ్బా 600 మిల్లీలీటర్లు, విద్యుత్తు 1450 వాట్లు. దాంతోపాటు మార్చుకునే మూడు తొడుగులు వచ్చాయి: చిన్న అల్యూమినియం పాడ్‌కు ఒకటి, పెద్ద ప్లాస్టిక్ పాడ్‌కు ఒకటి, పొడికి ఒకటి. పెట్టె మీద 19 బార్లు అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ అంకెకు మురిసిపోకండి, అది పంపు ఇవ్వగల గరిష్ఠ ఒత్తిడి. ఎస్‌ప్రెసో, అంటే ఒత్తిడితో తీసే చిక్కటి కాఫీ, దిగడానికి పొడి దగ్గర 9 బార్లు ఉంటే చాలు.

పాడ్‌లలో రకాల గురించి కొనేముందే తెలుసుకోవాలి, ఎందుకంటే ఒకదానిది ఇంకొకదాంట్లో పట్టదు. నెస్‌ప్రెసో అనే కంపెనీ చిన్న పాడ్ 1986లో మార్కెట్లోకి వచ్చింది. దాని ముఖ్యమైన పేటెంట్లు 2012 నాటికి ముగియడంతో ఆ కొలతలో ఇప్పుడు ఎందరో పాడ్‌లు తయారు చేస్తున్నారు. మన దేశంలోని కాఫీ తోటల వాళ్లు కూడా చేస్తున్నారు. మాలాంటి ఊళ్లవాళ్లకు పనికొచ్చేది ఆ ఒక్క కొలతే. అదే కంపెనీ తర్వాత తెచ్చిన గుండ్రటి వెర్టుయో రకం వేరు. పాడ్ అంచున ఉన్న గీతల సంకేతాన్ని చదివి, పాడ్‌ను గిరగిరా తిప్పి కాఫీ తీస్తుంది. దానికి దాని యంత్రమే కావాలి. నా యంత్రంతో వచ్చిన పెద్ద పాడ్ తొడుగును మూడేళ్లలో నాలుగైదు సార్లకు మించి వాడలేదు. పాలపొడి పాడ్ ఒకటి, కాఫీ పాడ్ ఒకటి వేసి ఒక కప్పు చేసుకోవడం, గిన్నెలో పాలు కాచుకునే ఇంట్లో అనవసరం.

ఇక పొడి సంగతి. మొదటి రోజు నేను చేసిన పని, మీరూ చేసేదే, ఇంట్లో ఉన్న పొడి వేయడం. అది నూటికి 30 పాళ్లు చికోరీ కలిసిన పొడి. కాఫీ నల్లగా, నురగతో దిగింది. అందరం సంతోషించాం. రెండు నెలలు తిరిగేసరికి ధార సన్నబడింది, ఆ తర్వాత చుక్కలు చుక్కలుగా పడటం మొదలైంది. ఒక ఉదయం పంపు మూలిగి ఆగిపోయింది. పొడి తొడుగును విప్పి దీపం కింద పెట్టి చూస్తే కారణం తెలిసింది. ఈ రకం తొడుగుకు అడుగున రెండు పొరలు ఉంటాయి. పై పొరకు జల్లెడ రంధ్రాలు, కింది పొరకు సూదిమొనంత ఒకే ఒక్క రంధ్రం. కాఫీ ఆ ఒక్క రంధ్రం గుండా చిమ్ముతుంది కాబట్టే పొడి కాస్త ముతకగా ఉన్నా, పాతదైనా నురగ వస్తుంది. చికోరీ వేరు నుంచి చేసిన పొడి. కాఫీ కన్నా చాలా ఎక్కువ భాగం నీళ్లలో కరుగుతుంది, మిగిలింది ఉబ్బి జిగురుగా మారుతుంది. ఆ జిగురంతా రెండు పొరల మధ్య చేరి గట్టిపడింది. ఇత్తడి ఫిల్టర్‌లో నీళ్లు తీరిగ్గా తమ బరువుకే దిగుతాయి కాబట్టి అక్కడ చికోరీ మేలే చేస్తుంది, డికాక్షన్‌కు చిక్కదనమూ రంగూ ఇస్తుంది. ఒత్తిడి యంత్రంలో మాత్రం అది గొంతుకు అడ్డం పడుతుంది.

తొడుగును వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, సన్నటి సూదితో రంధ్రం తెరిచాను. అప్పటి నుంచి యంత్రంలో చికోరీ వేయలేదు. మన దగ్గర కాఫీ, చికోరీ మిశ్రమంలో చికోరీ 49 శాతం వరకు ఉండవచ్చని ఆహార నిబంధనలే అనుమతిస్తున్నాయి, ఎంత కలిసిందో పొట్లం మీద రాయాలి. ఆ అంకె చూడకుండా ఏ పొడీ యంత్రంలో పోయకండి.

చికోరీ లేని కాఫీ అత్తయ్యకు నచ్చలేదు. "ఇందులో వాసన ఉంది గానీ ఒళ్లు లేదమ్మా" అన్నారు. నిజమే. దానికి ఆవిడే ఉపాయం కనిపెట్టారు. పాలు కాగేటప్పుడు పావు చెంచా చికోరీ పొడి విడిగా వేసి, వడగట్టి, ఆ పాలలో యంత్రం నుంచి దిగిన నలభై మిల్లీలీటర్ల కాఫీ కలిపారు. రంగూ వచ్చింది, చిక్కదనమూ వచ్చింది, యంత్రమూ బాగుంది. మా ఇంట్లో ఇప్పుడు ఇదే పద్ధతి.

చికోరీ మానేయడం వల్ల జరిగిన మంచి ఇంకొకటి ఉంది. మేము కోరాపుట్ కాఫీ వైపు తిరిగాం. మా ఊరికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, సుమారు 870 మీటర్ల ఎత్తున కోరాపుట్ పట్టణం ఉంది. ఆ చుట్టుపక్కల కొండల మీద సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియపు తీగల మధ్య అరబికా పండుతుంది. చలికాలంలో ఎర్రబడిన పండ్లు కోస్తారు. కొండకు అవతలి వైపు అరకు పేరు దేశమంతా తెలిసినా, ఇవతలి వైపు గింజల గురించి చాలాకాలం బయటి వాళ్లకు తెలియలేదు. 2019 నుంచి ఒడిశా గిరిజన అభివృద్ధి సహకార సంస్థ కోరాపుట్ కాఫీ పేరుతో అమ్ముతోంది. ఇంత దగ్గర పండే గింజను వదిలి, ఎక్కడి నుంచో రేకు డబ్బీలో వచ్చే ఐదు గ్రాముల పొడి మీదే ఆధారపడటం నాకు మనసొప్పలేదు. వేయించిన గింజలు నెలకు అరకిలో తెచ్చుకుంటున్నాం. చేత్తో తిప్పే చిన్న మర ఒకటి కొన్నాం. మిక్సీలో వేస్తే కొంత పిండి, కొంత రవ్వ అవుతుంది, ధార ఒకసారి ఆగుతుంది, ఒకసారి పరుగెడుతుంది. మరలో ఇడ్లీ రవ్వ కన్నా మెత్తగా, గోధుమ పిండి కన్నా గరుకుగా వచ్చేలా పెట్టుకున్నాక ప్రతి కప్పూ ఒకేలా వస్తోంది. ఒక్కో కప్పుకు ఎనిమిది గ్రాములు, చెంచా వెనకతో తేలిగ్గా అదిమితే చాలు.

ఇన్ని చెప్పాను గానీ, ఈ యంత్రానికి పెద్ద లోపం ఒకటుంది. పొడి తొడుగులో ఒక్క కప్పుకే చోటు. నలుగురికీ కాఫీ కావాలంటే నాలుగుసార్లు పొడి నింపాలి, అదమాలి, తీయాలి, వేడిగా ఉన్న పిప్పిని తట్టి కడగాలి. మొత్తం పన్నెండు నిమిషాలు నిలబడే పని. పండగకు చుట్టాలు వస్తే ఇత్తడి ఫిల్టరే దిక్కు, అందులో సందేహం లేదు. ఒకరిద్దరు వేర్వేరు వేళల్లో తాగే ఇంటికే ఈ యంత్రం.

కరెంటు విషయం దుకాణంలో ఎవరూ చెప్పరు. 1450 వాట్లంటే ఆరు ఆంపియర్లకు పైనే. మొదట్లో మిక్సీ పెట్టే చిన్న సాకెట్‌లో పెట్టాం, నాలుగు నెలలకు అది కమిలి నల్లబడింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి 16 ఆంపియర్ల సాకెట్ వేయించాం. ఇంట్లోని ఇన్వర్టర్ మీద ఇది నడవదు. వేసవి సాయంత్రాల్లో వోల్టేజి పడిపోతే పంపు శబ్దం బరువుగా మారుతుంది, నీళ్లు సరిగా వేడెక్కవు, కాఫీ పుల్లగా వస్తుంది. అప్పుడు పొడిని తప్పు పట్టకండి, కాసేపు ఆగి తీయండి.

మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. వాటినే పోస్తే లోపలి గొట్టానికి గార పడుతుంది. వడగట్టిన నీళ్లే పోస్తున్నా, రెండు నెలలకోసారి అర లీటరు నీళ్లలో ఒక చెంచా నిమ్మ ఉప్పు కరిగించి నడిపిస్తాను, ఆ వెంటనే రెండు డబ్బాల మంచినీళ్లు. పద్నాలుగో నెలలో పైమూత దగ్గరి వాషర్ చీలి నీళ్లు కారాయి. అప్పటికి వారంటీ ఏడాది దాటింది. అమ్మినవాళ్లు యంత్రాన్ని విశాఖపట్నం తీసుకురమ్మన్నారు. యాభై రూపాయల రబ్బరు చక్రం కోసం ఘాట్ రోడ్డు మీదుగా యంత్రాన్ని మోసుకెళ్లాలన్న మాట నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. మా అమ్మాయి పాత వాషర్ వ్యాసం కొలిచి, అదే కొలత సిలికాన్ రింగులు నాలుగు ఆన్‌లైన్‌లో తెప్పించింది. రెండు అయిపోయాయి, రెండు డబ్బాలో ఉన్నాయి.

పాడ్ అవసరమే లేదా అంటే, ఉంది. జులై, ఆగస్టుల్లో మా కొండల మీద వాన పట్టుకుంటే వారం రోజులు ఎండ కనబడదు. మూత ఎంత బిగించినా పొడి తేమ పీల్చుకుని ముద్ద కడుతుంది, వాసన పోతుంది. గాలి చొరని పాడ్ అప్పుడూ మొదటి రోజులాగే ఉంటుంది. మావారు నాలుగున్నరకు చేసుకునేది కూడా పాడ్ కాఫీయే. ఒక మీట నొక్కితే నిమిషంలో దిగుతుంది, ఇంట్లో ఎవరి నిద్రా చెడదు. కానీ ధర చూడండి. నేను తెప్పించే పాడ్ ఒక్కోటి 45 రూపాయలు, గింజల నుంచి తీసిన కప్పు ఎనిమిది రూపాయలు. రోజుకు నాలుగు కప్పుల ఇంట్లో నెలకు 5,400 ఎక్కడ, 960 ఎక్కడ! పైగా వాడేసిన అల్యూమినియం డబ్బీలు తీసుకునేవాళ్లు మా ఊళ్లో లేరు. అత్తయ్య వాటిని కోసి పిప్పిని కరివేపాకు మొక్కకు వేస్తారు, రేకులను పాత సామాన్లవాడి కోసం ఒక సంచిలో దాస్తున్నారు. తిరిగి నింపుకునే స్టీలు పాడ్ కూడా ప్రయత్నించాను. ఐదు గ్రాములే పడుతుంది, కడగడం కష్టం, కాఫీ పలచన. పక్కన పెట్టేశాను.

ఇదే డబ్బుతో ఇప్పుడు మళ్లీ కొనాల్సి వస్తే, పిడి ఉన్న వెడల్పాటి పొడి గిన్నెతో వచ్చి, దానికే చిన్న పాడ్ తొడుగు బిగించుకునే రకం చూస్తాను. అలాంటి గిన్నెలో రెండు కప్పులకు సరిపడా పొడి పడుతుంది, ఒక పొర జల్లెడ కూడా మార్చుకోవచ్చు. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే పొడి వంద గ్రాములు సంచిలో వేసుకుని వెళ్తాను. ఎదురుగా వరుసగా నాలుగు కప్పులు తీసి చూపమంటాను, విడి వాషర్ ఉందా అని అడిగి, ఉంటే దాన్ని కూడా అదే బిల్లులో వేయించుకుంటాను.