అలాస్కా క్రూజ్ ఎక్కడ ఎక్కాలి: మూడు పోర్టుల నుంచి వెళ్లొచ్చాక

అలాస్కా క్రూజ్‌కి వెళ్దామనుకునే మనవాళ్లు ముందు ఓడ పేరు చూస్తారు, తర్వాత గదికి బాల్కనీ ఉందో లేదో చూస్తారు. ఓడ ఎక్కే ఊరు మాత్రం ఫ్లయిట్ ఎక్కడికి చౌకగా దొరికితే అదే. మేమూ మొదటిసారి అలాగే చేశాం. డల్లాస్ నుంచి 2016లో సియాటిల్‌కి, 2019లో కెనడాలోని వాంకూవర్‌కి, 2023లో అలాస్కాలోని విట్టియర్‌కి వెళ్లి ఓడ ఎక్కాం. మూడూ చూశాక, ఎవరైనా అడిగితే నేను ముందు పోర్టు గురించే మాట్లాడుతున్నాను. ఓడ లోపల అన్నీ ఇంచుమించు ఒకటే. ఎక్కే పోర్టును బట్టి చూసే సముద్రం మారిపోతుంది, పట్టుకెళ్లాల్సిన కాగితాలూ మారతాయి.

కాగితాల సంగతే ముందు చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే ఓడే ఎక్కనివ్వరు. "సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగుతాం కదా, కెనడా వీసా ఎందుకు?" అని చాలామంది అనుకుంటారు. మేమూ అనుకున్నాం. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా పోర్టులో జనాన్ని ఎక్కించుకుని మళ్లీ అక్కడే దించాలంటే, మధ్యలో ఒక విదేశీ పోర్టులో ఆగాలి. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే సియాటిల్ ఓడలు చాలావరకు కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగుతాయి. అప్పుడు మేం అమెరికా ఉద్యోగ వీసా హెచ్1బీ మీద ఉన్నాం. విక్టోరియాలో ఓడ దిగినా దిగకపోయినా కెనడా వీసా ఉండాల్సిందేనని క్రూజ్ వాళ్లు చెప్పారు. టికెట్ కొన్నాక ఫోన్ చేసి అడిగితే తెలిసిన విషయం ఇది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఆ బాధ లేదు, పాస్‌పోర్టు, కార్డు చాలు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు కెనడా వీసా కావాలి. దానితోపాటు వాళ్ల అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా అని కూడా చూసుకోవాలి. కెనడాలో అడుగుపెట్టాక తిరిగి అమెరికాలోకి రావాలి కదా.

సౌకర్యంలో సియాటిల్ పోర్టుకి వంక పెట్టడానికి లేదు. ఫ్లయిట్లు బోలెడు. పైగా ఎక్కినచోటే దిగుతాం కాబట్టి రానుపోను టికెట్ ఒకటే. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అక్కడ క్రూజ్ టెర్మినళ్లు రెండున్నాయి. పియర్ 66 ఊరి మధ్యలో, పైక్ ప్లేస్ మార్కెట్‌కి నడిచి వెళ్లేంత దగ్గర. పియర్ 91 ఇంకాస్త ఉత్తరాన ఉంది. మేం టాక్సీ అతనికి "క్రూజ్ టెర్మినల్" అని మాత్రమే చెప్పి, నాలుగు సూట్‌కేసులు దించుకున్నాక చూసుకుంటే రెండోదానికి వెళ్లాలి.

అసలు తేడా సాయంత్రం ఓడ కదిలాక తెలిసింది. సియాటిల్ నుంచి వెళ్లే ఓడలు ఎక్కువగా వాంకూవర్ ద్వీపానికి పడమటి వైపు నుంచి, అంటే నేరుగా పసిఫిక్ మహాసముద్రంలోంచి వెళ్తాయి. అడ్డంగా ఒక కొండ గానీ దీవి గానీ ఉండదు. ఆ రాత్రి మా గదిలో అలమరలోని ఖాళీ హ్యాంగర్లు ఒకదానికొకటి కొట్టుకుంటూ తెల్లారేదాకా టకటకమంటూనే ఉన్నాయి. చివరికి మావారు లేచి వాటన్నిటినీ తీసి పరుపు కింద పెట్టారు. ఐదేళ్ల బాబు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. పొద్దున ఓడవాళ్లు ఆకుపచ్చ ఆపిల్ ముక్కలు, ఉప్పు బిస్కెట్లు ఇచ్చారు, వాటితో వాడు తేరుకున్నాడు. తర్వాత అలాస్కాలో జూనో, స్కాగ్‌వే ఊళ్లు బాగా చూశాం, సంతోషంగానే తిరిగొచ్చాం. కానీ రానూపోనూ రెండు రోజులకు పైగా తీరం కనిపించని నీళ్లలోనే గడిచింది. విక్టోరియాకి చీకటిపడే వేళకి చేరి, దీపాలు వెలిగించిన పార్లమెంటు భవనం చూసి, అర్ధరాత్రికల్లా బయల్దేరాం. అంత మంచి ఊరికి ఆ నాలుగు గంటలు ఏం సరిపోతాయి?

2019లో అమ్మానాన్నలతో వాంకూవర్ నుంచి వెళ్లాం. ఇండియా నుంచి వాళ్ల కెనడా వీసాకి మేం మార్చిలో అప్లై చేశాం, క్రూజ్ జూన్‌లో. అది మా ఆలస్యమే. తెనాలి నుంచి హైదరాబాద్ వెళ్లి వేలిముద్రలు ఇచ్చారు. ప్రయాణానికి పన్నెండు రోజుల ముందు పాస్‌పోర్టులు చేతికొచ్చాయి. అప్పటిదాకా ఇంట్లో ఒకటే టెన్షన్. ఆ వేలిముద్రలు పదేళ్లు చెల్లుతాయి, రెండోసారికి ఆ పని ఉండదు.

వాంకూవర్‌లో ఓడ ఊరి నడిబొడ్డునే, కెనడా ప్లేస్ దగ్గర ఆగుతుంది. ఎయిర్‌పోర్టు నుంచి కెనడా లైన్ రైలెక్కితే అరగంటలోపే పక్కనున్న వాటర్‌ఫ్రంట్ స్టేషన్‌లో దిగొచ్చు. అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ ఓడ ఎక్కేముందు అక్కడే అయిపోతుంది. ఒకే రోజు రెండు మూడు ఓడలుంటే ఆ క్యూ చాలా పెద్దదవుతుంది, కాబట్టి మీ తారీఖున ఎన్ని ఓడలున్నాయో ముందే చూసుకోండి. పెద్దవాళ్లకి వీల్‌చెయిర్ అడగడానికి మొహమాటపడొద్దు.

ఇక ఆ దారి గురించి. ఓడ లయన్స్ గేట్ వంతెన కింద నుంచి బయటికొచ్చి, వాంకూవర్ ద్వీపానికీ కెనడా ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న జలసంధిలోకి వెళ్తుంది. రెండు పక్కలా అడవి, కొండలు. గ్లాసులో నీళ్లు కూడా కదల్లేదు. రాత్రి పదకొండు దాటాక సీమర్ నారోస్ అనే ఇరుకు దారి వస్తుందని నాన్న మేలుకునే ఉన్నారు. ఆయన ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు, కృష్ణ నీళ్లు చూస్తూ బతికిన మనిషి. ఆ ఇరుకులో ప్రవాహం 15 నాట్ల దాకా, అంటే గంటకి దాదాపు 28 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది, అందుకే ఆటుపోట్ల మధ్య నీరు నిలకడపడే సమయం చూసుకుని ఓడను దాటిస్తారు. అక్కడ నీటి అడుగున రిపుల్ రాక్ అనే బండ ఉండేది, ఎన్నో ఓడలు దానికి తగిలి మునిగాయి. 1958లో సొరంగం తవ్వి, పేలుడు పదార్థాలు నింపి దాన్ని పేల్చేశారు. నాన్న శాలువా కప్పుకుని రెయిలింగ్ పట్టుకుని కిందికే చూస్తున్నారు. "అదుగో, అక్కడ నీళ్లు సుడి తిరుగుతున్నాయి చూడమ్మా. ఇంకో గంట అయితే ఇందులోకి రానివ్వరు" అన్నారు. ఆ రాత్రి ఆయన ముఖం చూశాక సియాటిల్‌కీ వాంకూవర్‌కీ పోలిక పెట్టడం మానేశాను.

2023లో మా ఆడపడుచు కుటుంబంతో కలిసి విట్టియర్‌లో ఎక్కి వాంకూవర్‌లో దిగాం. ఇలా ఒకవైపు మాత్రమే ప్రయాణిస్తే వెనక్కి రావడానికి రోజులు ఖర్చుకావు, ఆ సమయం గ్లేసియర్లు, అంటే మంచునదులు చూడడానికి దొరుకుతుంది. విట్టియర్ యాంకరేజ్‌కి 60 మైళ్లు. రెండున్నర మైళ్ల సొరంగంలోంచి వెళ్లాలి, రైలుకీ కార్లకీ అదే ఒక్క దారి. అటువాళ్లకీ ఇటువాళ్లకీ వంతులుంటాయి, సమయం చూసుకుని బయల్దేరాలి. కొన్ని కంపెనీల ఓడలు సీవర్డ్ నుంచి వెళ్తాయి, అది యాంకరేజ్ నుంచి రెండున్నర గంటల దూరం. ఓడ ఎక్కేముందు దెనాలి పార్కుకి వెళ్లాం. కొండచరియ జారడం వల్ల అప్పుడు పార్కు బస్సులు 43వ మైలు దాకానే వెళ్లేవి, మేఘాల వల్ల దెనాలి పర్వతం మాకు కనిపించలేదు. కానీ గ్లేసియర్ బేలో మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ ఆగినప్పుడు ఆ లోటంతా తీరిపోయింది. రోజుకి రెండు పెద్ద ఓడలనే అక్కడికి రానిస్తారు. మంచు పెళ్ల విరిగి పడడం ముందు కనిపించింది, చప్పుడు ఆ తర్వాత చేరింది.

ఖర్చు ఎక్కువ, దాచడానికేం లేదు. వెళ్లేది ఒక ఊరికి, వచ్చేది ఇంకో ఊరి నుంచి కాబట్టి ఫ్లయిట్లకే మాకు మనిషికి 250 డాలర్ల దాకా ఎక్కువైంది. పైగా యాంకరేజ్‌లో హోటల్. సెలవు వారమే ఉండి, చిన్నపిల్లలుంటే నేను ఇది చెప్పను. సెలవు పది రోజులుండి, నడవగలిగినవాళ్లయితే మాత్రం ఇదే చెప్తాను. ఓడ ఏ తారీఖున ఎక్కినా ఆ ఊరికి ఒక రోజు ముందే చేరుకోండి, ఓడ ఎవరి కోసమూ ఆగదు.

వచ్చే జూన్‌లో అత్తయ్యగారిని తీసుకెళ్తున్నాం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, కారులో కూర్చున్నా కళ్లు తిరుగుతాయి. అందుకే వాంకూవర్‌లో ఎక్కి వాంకూవర్‌లోనే దిగేది బుక్ చేశాం. ఆవిడ కెనడా వీసాకి ఈసారి డిసెంబర్‌లోనే అప్లై చేశాం.