గొల్లపూడి, తెనాలి, గుంటూరు: కరెంటు బండితో రెండేళ్లు

గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ నుంచి తెనాలి, గుంటూరు దుకాణాలకు కిరాణా సరుకు చేరవేస్తాను. టన్ను మోసే ఎలక్ట్రిక్ బండి కొని రెండేళ్లు దాటింది. మీటరు 62 వేలు చూపిస్తోంది.

ఒకసారి ఛార్జి చేస్తే 160 కిలోమీటర్లు వస్తుందని అమ్మినవాళ్లు అన్నారు. నిండు లోడుతో నాకు వచ్చేది 120. మొదట్లో మోసపోయాననుకున్నాను. తర్వాత సరుకు దింపే వరుస మార్చాను. బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు ముందు తెనాలిలో దింపేస్తే బరువు సగం తగ్గుతుంది. బిస్కెట్లు, సబ్బులతో గుంటూరు వెళ్లి, ఖాళీగా ఇంటికి. మొత్తం 110 కిలోమీటర్లు. తిరుగుదారిలో కాజ టోల్ దగ్గర బ్యాటరీ 25 శాతం కనిపిస్తే ఆ రోజుకు నిశ్చింతే.

రాత్రి గోడౌన్‌లో 15 ఆంపియర్ల ప్లగ్గుకు పెడితే 20 యూనిట్లకు కాస్త అటూ ఇటూ తీసుకుంటుంది. దీనికి ముందున్న చిన్న బండి ఇదే దారికి ఏడు లీటర్ల డీజిల్ తాగేది. మిగులు ఎంతో మీరే లెక్కేసుకోండి.

అయితే మొన్న మే నెలలో గాలివానకు మూడు గంటలు కరెంటు పోయింది. ఉదయం 5 గంటలకు చూస్తే 62 శాతం! తెనాలి సరుకు మాత్రమే వేసుకుని, గుంటూరు దుకాణాలవాళ్లను ఫోన్లలో బతిమాలుకున్నాను. హైవే మీద ఛార్జర్లు లేకపోలేదు, కానీ అవి కార్లను చూసి కట్టినవి. ఒకచోట బండిని అడ్డంగా తిప్పి పెట్టినా తీగ మూరెడు తక్కువైంది.

చప్పుడు లేకపోవడం సుఖమే, కానీ వెనక్కి తీసేటప్పుడు హమాలీలకు వినబడదు. ముందు హారన్ కొట్టాకే కదుపుతాను.

అసలు ఇబ్బంది మిర్చి సీజన్‌లో. సాయంత్రం యార్డు నుంచి ఫోను: "ఒంగోలుకు ఇరవై టిక్కీలున్నాయి, వస్తారా అన్నా?" టిక్కీ అంటే మిర్చి బస్తా. పూర్వం అడిగింది పూర్తికాకముందే వస్తాననేవాణ్ని. ఇప్పుడు ముందు శాతం చూస్తాను. గుంటూరులో 45 ఉంటే చిలకలూరిపేట దాటగలను, ఒంగోలు చేరలేను. రోజూ ఒకే దారి, రాత్రికి సొంత గోడౌన్ ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని కొనవచ్చు. దొరికిన కిరాయికల్లా పరుగెత్తేవాళ్లు ఆగండి.

అలాంటి ఫోన్ల కోసమే నా పాత డీజిల్ లారీని అమ్మలేదు. పెద్ద ఎలక్ట్రిక్ బండి మీద ఆశ ఉంది. ఎలక్ట్రిక్ వాహనాలకు రాయితీలిచ్చే పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద 2025 జులైలో కేంద్రం ట్రక్కులకు గరిష్ఠంగా 9.6 లక్షల రాయితీ ప్రకటించింది. బండి, సరుకు కలిపి మొత్తం బరువు 3.5 టన్నులు దాటే బళ్లకే అది. పైగా పాత డీజిల్ ట్రక్కును తుక్కుకు ఇచ్చినట్టు పత్రం కావాలి. ఉన్న లారీని తుక్కుకిస్తే ఒంగోలు ఫోనుకు ఏం చెప్పాలి?