అనంతపురంలో డ్రైవ్ బోర్డుల మరమ్మతు: మా అనుభవం, మా అభిప్రాయం

తాడిపత్రి చుట్టుపక్కల నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలు నడిపేవారికి, మోటారు వేగాన్ని నియంత్రించే డ్రైవ్ చెడిపోతే ఎంత నష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. మా 15 కిలోవాట్ల డ్రైవ్ స్టార్ట్ చేసిన వెంటనే ఓవర్ కరెంట్ చూపి ట్రిప్ అవుతుంటే మొదట వేరేచోట ఇచ్చాము. వాళ్లు మోటారుకు వెళ్లే కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే ఐజీబీటీ మాడ్యూలు ఒక్కటే మార్చి పంపారు. మోటారుకు కలిపి స్టార్ట్ చేయగానే ఆ కొత్త మాడ్యూలు కూడా పేలిపోయింది. ఆ తర్వాతే అనంతపురంలోని ఈ చిన్న వర్క్‌షాపుకు తీసుకెళ్లాము.

ఇక్కడి మెకానిక్ డ్రైవ్ మూత తీయకముందే మోటారు సంగతి అడిగారు. కేబులును, వైండింగును మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరుతో) చూశారా, చూసేటప్పుడు డ్రైవ్ వైపు మూడు వైర్లూ విప్పారా అన్నది ఆయన మొదటి ప్రశ్న. వైర్లు విప్పకుండా మెగ్గర్ పెడితే ఆ వోల్టేజీకి డ్రైవ్ లోపలి భాగాలు దెబ్బతింటాయి కనుక అది అడగవలసిన ప్రశ్నే.

మూత తీశాక అసలు కారణం బయటపడింది. మాడ్యూలులోని ఆరు స్విచ్‌లకు ఆన్, ఆఫ్ సంకేతాలు పంపే గేట్ డ్రైవర్ బోర్డు మీద, ఆ సంకేతాలను కాంతి ద్వారా దాటించే ఆప్టోకప్లర్ల కాళ్ల మధ్య, రాతిపొడి తేమతో కలిసి బూడిదరంగు పొరలా గట్టిపడి ఉంది. ఆరు గేట్ సర్క్యూట్లనూ మీటరుతో ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే అయిదింటి రీడింగులు ఒకేలా ఉన్నాయి, ఆరవదాని రెసిస్టరు మాత్రం కాలిపోయి ఉంది. గేటుకు సరైన సంకేతం అందని స్థితిలో ఎంత మంచి మాడ్యూలు వేసినా నిలవదు. కాబట్టి ఆయన ముందు ఆ బోర్డు మార్చి, మాడ్యూలు బిగించకుండానే ఆరు చోట్లా ఆ సంకేతాల పల్సులను, వాటిని తెర మీద గీతగా చూపే ఆసిల్లోస్కోపు మీద చూసి, ఆన్ అయినప్పుడు సుమారు 15 వోల్టులు వస్తున్నాయని మాకూ చూపించిన తర్వాతే మాడ్యూలు చేతిలోకి తీసుకున్నారు. మరమ్మతు అంటే నా దృష్టిలో ఇదే.

మాడ్యూలు వేడిని లాగేసే హీట్‌సింక్ మీది పాత గ్రీజును పూర్తిగా తుడిచి కొత్తది పలుచగా పూశారు. తొలిసారి కరెంటు ఇచ్చినప్పుడు నేరుగా ఇవ్వలేదు. సిరీస్‌లో బల్బులు పెట్టి ఇవ్వడం వల్ల, లోపల ఇంకా షార్టు ఉంటే బల్బు వెలుగుతుందే తప్ప మాడ్యూలు పోదు. 415 వోల్టుల సప్లైకి డ్రైవ్ లోపలి డీసీ లైనులో (డీసీ బస్) దాదాపు 585 వోల్టులు నిలుస్తాయి, డిస్‌ప్లే ఆరిపోయాక కూడా విద్యుత్తును నిల్వ ఉంచే కెపాసిటర్లలో కొంతసేపు ఉంటాయి. అందుకే ఆపిన ప్రతిసారీ మీటరు పెట్టి, వోల్టేజీ దిగిందని చూసుకోకుండా ఆయన బోర్డును తాకలేదు. పక్కన పనిచేసే కుర్రవాడికి కూడా అదే అలవాటు చేయడం నాకు చాలా నచ్చింది.

ఏడాదికి పైగా మూలన పడి ఉన్న మా స్పేర్ డ్రైవ్‌ను కూడా ఇచ్చాము. కెపాసిటర్లు అంతకాలం కరెంటు లేకుండా ఉంటే ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇవ్వకూడదు కాబట్టి, వోల్టేజీని కావలసినంత తగ్గించి పెంచుకోగల ట్రాన్స్‌ఫార్మరు అయిన వేరియాక్‌తో మెల్లమెల్లగా పెంచి తిరిగి వాడుకలోకి తెచ్చారు.

లోపాలూ ఉన్నాయి. బెంచి మీద చిన్న మోటారే ఉన్నందున మూడు ఫేజుల కరెంటు సమానంగా ఉందో లేదో వైరు విప్పకుండానే కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో చూస్తారు గాని, పూర్తి లోడు పరీక్ష మన ఫ్యాక్టరీలోనే చేసుకోవాలి. తీసిన రీడింగులను కాగితం మీద రాసి ఇవ్వరు, ఇవ్వడం తప్పనిసరి అని నా అభిప్రాయం. విడిభాగాలు బెంగళూరు నుంచి రావాలి కనుక తొందర ఉన్నవారికి ఇబ్బందే. ఇచ్చే ముందు డ్రైవ్ కీప్యాడ్‌లోని పారామీటర్లన్నీ (సెట్టింగులన్నీ) మీరే రాసి పెట్టుకోండి, కంట్రోల్ బోర్డు మార్చవలసి వస్తే అవే మళ్లీ ఎక్కించాలి. బిల్లులో కూలీ, విడిభాగాల ధర వేరువేరుగా రాస్తారు, తీసేసిన పాత బోర్డును అడగకుండానే తిరిగి ఇస్తారు.