చిన్న ఇంజన్ల కోసం మెక్సికో పోయి 3,600 పెసోలు వదిలించుకున్నాం

ముందే చెప్పేస్తున్నా. మెక్సికోలో ఎవరైనా రంగుల కాగితం చేతిలో పెట్టి "నారో గేజ్ ఆవిరి బండి ఎక్కిస్తాం" అంటే, జేబులో చెయ్యి పెట్టేముందు రెండు విషయాలు అడగండి. ఆ రోజు బాయిలర్లో నిప్పు వేస్తున్నారా? బొమ్మలో ఉన్న ఇంజన్ గేజ్, అంటే పట్టాల మధ్య వెడల్పు, ఎంత? ఈ రెండూ అడగకుండా నేను ఇద్దరికీ కలిపి 3,600 పెసోలు కట్టాను. మన డబ్బుల్లో పదిహేడు వేల పైమాటే. మా ఆవిడ ఇప్పటికీ ఏ బిల్లు వచ్చినా "ఇది ఎన్ని ఇంజన్లవుతుందండీ?" అని అడుగుతోంది.

నాకీ పిచ్చి పాతపట్నంలో పట్టుకుంది. నౌపడ నుంచి గుణుపూర్ వెళ్లే చిన్న రైలు మా ఊరి మీదుగానే పోయేది, పట్టాల మధ్య 762 మిల్లీమీటర్లు. నాన్న పక్కన కిటికీ దగ్గర కూర్చుంటే కళ్లలో బొగ్గు నలకలు పడేవి. 2004లో ఆ బండి ఆపేసి బ్రాడ్ గేజ్ వేశారు. ఇప్పుడు మేముండేది ఫ్లోరిడాలో, టాంపాలో. మెక్సికో చిన్న ఇంజన్లలో మిగిలినవి ఎక్కడెక్కడున్నాయో వెతకాలని ఏళ్ల తరబడి అనుకుంటూ, 2024 ఫిబ్రవరిలో పది రోజులు సెలవు పెట్టాను.

మొదటి నాలుగు ఇంజన్లకి పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు, అప్పటికి ఒర్లాండోలో డిస్నీ వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు చుట్టూ తిరుగుతున్నాయి. పిల్లల పార్కు బొమ్మ బండి అనుకుంటారు గానీ అవి నాలుగూ మెక్సికోలోని యుకతాన్ రాష్ట్రంలో చెమటోడ్చినవే. 1969లో డిస్నీ మనుషులు ఆ రాష్ట్ర రాజధాని మెరిడా వెళ్లి, పక్కన పడేసిన బాల్డ్విన్ కంపెనీ ఇంజన్లు చూసి తలా 8,000 డాలర్లకి కొన్నారు. వాటిని బాగు చేసింది మా టాంపా ఓడల యార్డులోనే. పదేళ్లుగా ఆ పక్క రోడ్డు మీదే ఆఫీసుకి పోతున్నా నాకు తెలియలేదు, చూడండి. బాయిలర్లు, క్యాబులు కొత్తవి చేశారు కాబట్టి యుకతాన్ నాటివి చక్రాలూ ఫ్రేములే అనుకోండి. నాలుగిట్లో పాతది 1916 నాటి 4-4-0 (ముందు నాలుగు చిన్న చక్రాలు, తర్వాత బండిని లాగే నాలుగు పెద్దవి, వెనక ఏమీ లేవని లెక్క), దానికి రాయ్ డిస్నీ పేరు పెట్టారు. మాకు ఆ రోజు 1925 నాటి వాల్టర్ ఇ. డిస్నీ దొరికింది. మైలున్నర చుట్టు, ఇరవై నిమిషాలు. టికెట్లు ఇద్దరికీ 341 డాలర్లు, పార్కింగ్ 30. మిగతా రైడ్లేవీ ఎక్కకుండా ఒకే బండి నాలుగుసార్లు ఎక్కినవాళ్లు ఆ పార్కులో మేమే అయ్యుంటాం. మూడో చుట్టుకి మా ఆవిడ ఐస్‌క్రీమ్ పట్టుకుని స్టేషన్లోనే కూర్చుండిపోయింది.

మెరిడాకి ఫ్లైటు, హోటలు, ఉక్కపోత, అన్నీ మామూలే. పాత స్టేషన్ ఇప్పుడు ఆర్ట్ కాలేజీ. ఒకప్పటి రైల్వే యార్డు లా ప్లాంచా అని పెద్ద పార్కయింది, సాయంత్రం జనం పిల్లల్ని వేసుకుని వస్తున్నారు. డిస్నీ బండి చూసి ఇక్కడికొస్తే కొంచెం గుండె పట్టేస్తుంది. ఇంజన్లు అక్కడ కూత పెడుతున్నాయి, ఇక్కడేమో వాటి ఊరు గడ్డి వేసుకుని కూర్చుంది.

మెరిడా వెళితే మాత్రం కుసమా వదలకండి. ఆవిరి లేదు, ఇంజనూ లేదు. జనపనారలాంటి హెనెకెన్ పీచు మోయడానికి తోటల్లో వేసిన బుల్లి పట్టాల మీద, గుర్రం లాగే చెక్క బల్ల ఎక్కిస్తారు. నా టేపు పెడితే పట్టాల మధ్య సరిగ్గా అరమీటరు. దారి ఒక్కటే కాబట్టి ఎదురుగా ఇంకో బల్ల వస్తే, ఒకరు దిగి తమ బల్లని పట్టాల మీంచి ఎత్తి పక్కన పెడతారు, అవతలివాళ్లు వెళ్లాక మళ్లీ ఎత్తి పట్టాల మీద పెడతారు, అంతే సిగ్నలింగ్. నేను కూడా ఒకసారి చెయ్యి వేశాను, నడుం రెండు రోజులు పట్టేసింది. ఊరికి ముందు రోడ్డు మీద ఒకతను చెయ్యూపి "దారి ఇటే" అంటాడు, ఆగకండి, అతను తీసుకెళ్లేది వేరే చోటికి. మేం ఆగలేదు, ఆ ఒక్క చోట తెలివి పనిచేసింది. బల్లకి 400 పెసోలు ఇచ్చాం, మధ్యలో బావిలాంటి సెనోటెల్లో స్నానం. మా ఆవిడకి ఈ ట్రిప్పులో బాగా నచ్చిన రోజు ఇదే. అందులో ఇంజన్ లేదన్న సంగతి నేను గుర్తు చెయ్యలేదు.

ఇక ప్యూబ్లా. రాత్రి ఎనిమిదికి దిగాం, హోటల్ పక్క సందులో ఒక ఏజెంటు. గోడ మీద పొగలు కక్కుతున్న ఇంజన్ బొమ్మ, కింద స్పానిష్‌లో "సన్న పట్టాల బండి, క్వౌట్లా". క్వౌట్లా అంటే అక్కణ్ణుంచి కారులో వెళ్లే ఇంకో ఊరు. మనిషికి 1,800. కారు, గైడు, భోజనం, "రైలు అనుభవం" అన్నీ కలిపి అట. కార్డు తీసుకోడు, నోట్లే. నాకు ఆ బొమ్మ చూడగానే బుర్ర పనిచెయ్యడం మానేసింది.

మర్నాడు జాతీయ రైల్వే మ్యూజియంకి వెళ్లాం. పాత స్టేషన్ ఆవరణలోనే 1988లో తెరిచారు. మెక్సికో సిటీ నుంచి ప్యూబ్లాకి 1869లో మొదటి రైలు తెచ్చి అప్పటి దేశాధ్యక్షుడు బెనీతో హువారెస్ ప్రారంభోత్సవం చేసిన ఊరది. బయట ఎండలో ఇంజన్లు వరసగా నిలబెట్టారు, సగం పూటైనా ఉంచుకోండి, సోమవారం మాత్రం వెళ్లకండి. అక్కడ నిలబడి ఉంది, ఏజెంటు గోడ మీది ఇంజన్! నంబరు 3034, నయాగరా అంటారు, 1946లో చేసింది, 4-8-4. దాని డ్రైవింగ్ చక్రం నా భుజం దాటింది. మా ఆవిడ తలెత్తి చూసి "ఇది చిన్న బండా?" అంది. టేపు తీయక్కర్లేదు, అయినా తీశాను, 1,435. స్టాండర్డ్ గేజ్. ఇది క్వౌట్లాలో సన్న పట్టాల మీద నడవాలంటే ముందు దీన్ని సన్నగా చెక్కాలి. ఏజెంటుకి ఫోన్ చేస్తే "అదే జాతి సార్, బొమ్మ ఉదాహరణకి" అన్నాడు. డబ్బు వెనక్కి అడిగితే లైను కట్.

ఆ మర్నాడు క్వౌట్లా ప్రయాణం. కారు ఎనిమిదికన్నాడు, తొమ్మిది నలభైకి వచ్చింది. మొదట పింగాణీ కొట్టు, ముప్పావు గంట. తర్వాత యెకపిష్ట్లాలో భోజనం. ఎండబెట్టిన ఉప్పు మాంసం సెసీనాకి ఆ ఊరు పేరుపొందింది, మాంసం తినేవాళ్లకి స్వర్గమట. మా ఆవిడ శాకాహారి. బుక్ చేసేటప్పుడు మూడుసార్లు చెప్పాం. ఆమె ముందు పెట్టింది ఒట్టి టోర్టియాలు, సగం అవకాడో, నిమ్మచెక్క. "వెజిటేరియన్ ప్లేట్" అన్నాడు డ్రైవరు గర్వంగా. ఆవిడ నావైపు చూసిన చూపు ఉంది చూశారూ, దానికి ఏ గేజూ సరిపోదు.

క్వౌట్లా చేరేసరికి రెండున్నర. స్టేషన్ పాత సాన్ దియేగో మఠంలో ఉంది, రాతి కమానుల పక్కన ప్లాట్‌ఫామ్. అక్కడ నిలబడి ఉంది 279. నల్లగా, పొట్టిగా, ముక్కు మీద నంబరు. చల్లగా. పొగ గొట్టం మీద పిట్ట కూర్చుంది. "ఈ రోజు నడవదు," అన్నాడు డ్రైవరు, వాన పడుతుందని చెప్పినంత మామూలుగా. మరి రైలు అనుభవం? "చూశారుగా."

కోపం దిగడానికి పావుగంట పట్టింది. కాపలా ఉన్న పెద్దాయన నా చేతిలో టేపు చూసి నవ్వి, అడక్కుండానే రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరం వంగి పట్టా లోపలి అంచు నుంచి లోపలి అంచుకి పెట్టాం. 916. రెండు మిల్లీమీటర్లు అరుగుదల అని సైగ చేశాడాయన. మూడడుగులంటే 914. కొలరాడోలో కొండలెక్కించడానికి ఖర్చు తక్కువని పామర్ అనే రైల్వే ఆసామి పట్టుకున్న కొలత అది, మలుపులు బిగువుగా తిరుగుతాయి, సొరంగాలు చిన్నవి చాలు. ఆయన కంపెనీయే దాన్ని మెక్సికోకి మోసుకొచ్చింది, 1888 నాటికి మెక్సికో సిటీ నుంచి అమెరికా సరిహద్దులోని లారెడో దాకా అదే సన్న దారి. తర్వాత మెల్లగా అంతా వెడల్పు చేసేశారు. క్వౌట్లా వైపు మాత్రం 1970ల దాకా ఆ పట్టాలే. కనెక్టింగ్ రాడ్ మీద చెయ్యి పెట్టాను, గ్రీజు అంటుకుంది. తుడుచుకోలేదు.

ఈ లైను 1881 జూన్‌లో మొదలైంది. అదే నెలలో ఎస్కాంట్సిన్ వంతెన కూలి, సైనికులతో వెళుతున్న బండి పడిపోయి రెండు వందల మందికి పైగా పోయారు. అంత పెద్ద సంగతి మా గైడు నోటివెంట రాలేదు. ఆయన ఫోన్లో ఫుట్‌బాల్ చూస్తున్నాడు.

మర్నాడైనా నిప్పు వేస్తారేమోనని ఆ రాత్రి క్వౌట్లాలోనే ఉండిపోదామన్నాను, కారు పంపించేశాం. ఇది రెండో తప్పు. లాడ్జి 780 పెసోలు, "గదిలోనే వేడి ఊట నీళ్లు" అని బోర్డు. ఆ ఊరు గంధకం నీళ్లకి పేరు, అక్కడి స్నానాల కొలను పేరే అగువా హెదియోందా, అంటే కంపు నీళ్లు. కొలనులో అయితే బాగానే ఉంటుందేమో, బాత్రూమ్ షవర్లో వస్తే? కుళాయి తిప్పగానే కుళ్లిన కోడిగుడ్ల బుట్ట మీద పడ్డట్టు. కిటికీ తెరుచుకోదు. దుప్పటికీ అదే వాసన. యజమానురాలు వచ్చి "కీళ్లకి మంచిది" అని తన మోకాలు తట్టి చూపించింది, గది మార్చమంటే ఇంకో గదిలో కుళాయి తిప్పి ఇంకా ఎక్కువ మంచిది చూపించింది. రాత్రంతా మా ఆవిడ ముక్కుకి చున్నీ కట్టుకుని పడుకుంది. "గుడ్డు తినని దానికి ఈ శిక్షేంటండీ" అని చీకట్లో అడిగింది, నా దగ్గర జవాబు లేదు.

పొద్దున్న ఇంజన్ మళ్లీ చల్లగానే ఉంది. అయితే మార్కెట్‌లో ఒకావిడ పెనం మీద త్లకోయోలు వేస్తోంది, మొక్కజొన్న పిండి ముద్దలో చిక్కుడు గింజల కూరు పెట్టి కోలగా తట్టి కాల్చేవి, పైన నాగజెముడు ముక్కలు. పంది కొవ్వు వెయ్యొద్దని మా ఆవిడ నేర్చుకున్న నాలుగు స్పానిష్ ముక్కల్లో చెప్పింది. ఆమె తలూపి నూనె సీసా తీసి చూపించింది. ఒక్కోటి 25 పెసోలు. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కారప్పొడి డబ్బా తీసి చల్లుకుని తిని, ఆమెకీ కొంచెం పెట్టింది. ఆమె నాలిక మీద వేసుకుని, కళ్లు తుడుచుకుని, ఇంకో రెండు త్లకోయోలు ఊరికే పెట్టింది. నాలుగు రోజుల్లో మా ఆవిడ నవ్వడం అదే మొదలు.

ప్యూబ్లాకి తిరుగు బస్సు ఇద్దరికీ 440. అంటే మేమే బస్సులో వచ్చి పోతే 880లో అయ్యేది, త్లకోయోలు వేసుకున్నా వెయ్యి దాటదు.

చూడాల్సింది ఒకటి మిగిలింది. అకాంబరో వర్క్‌షాప్‌లో 1944లో మెక్సికన్ కార్మికులు తమంతట తామే కట్టుకున్న 296, ఫిదెలీతా అని పిలుచుకుంటారు, ఆ ఊళ్లోనే ఉంచారు. వచ్చే ఏడాది వెళదామంటే మా ఆవిడ ఒప్పుకుంది. హోటల్ మాత్రం తనే చూస్తుందట, డబ్బు కట్టేముందు బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి వాసన చూశాకే.