తెరుచుకోని తలుపు, పోయిన పదమూడో చుట్టు

ఆరిజోనాలో టూసాన్ నగరానికి ఉత్తరాన, ఒరాకిల్ అనే చిన్న ఊరి దగ్గరి ఎడారిలో ఏటా ఫిబ్రవరిలో జరిగే ‘24 అవర్స్ ఇన్ ది ఓల్డ్ ప్యూబ్లో’ మౌంటెన్ బైక్ పందేనికి వెళ్ళదలచినవారికి ముందుగా చెప్పవలసిన మాట ఒకటుంది: హోటల్ గది తీసుకోవద్దు. మేము మూడు రాత్రులకు 612 డాలర్లు పోసి మొదటి రాత్రి మాత్రమే సుఖంగా పడుకున్నాము. రెండో రాత్రి ఆ గది మూలంగానే పందెంలో ఒక చుట్టు పోగొట్టుకున్నాము. మూడో రాత్రి ఛాండ్లర్‌లో మా ఇళ్ళలోనే నిద్రపోయాము.

శనివారం మధ్యాహ్నం 12 గంటలకు మొదలై ఆదివారం మధ్యాహ్నం 12 దాకా సాగే ఈ పందెంలో, సుమారు 16 మైళ్ళ బాటను జట్టులో ఒకరి తరువాత ఒకరు చుట్టివచ్చి, డేరాలో ఎదురుచూస్తున్న తరువాతివారి చేతికి బేటన్ అందించాలి. 1992లో వెస్ట్ వర్జీనియాలోని కనాన్ లోయలో ఎవరో సరదాపడి మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆ సరదా ఎంతమంది నిద్ర చెడగొట్టిందో లెక్కలేదు. మా జట్టులో నలుగురము: వరంగల్ నుంచి వచ్చిన కుర్రవాడు, ఆఫీసులో నా పక్క సీటు కాకినాడ మిత్రుడు, నేను, మా తోడల్లుడు. పందెం జరిగే పశువుల కొష్టాల మైదానం హైవే నుంచి మట్టిరోడ్డు మీద చాలా దూరం లోపలికి ఉంటుంది. వేలమంది అక్కడే గుడారాలు, ఆర్వీలు (లోపలే పడుకోగల ఇల్లులాంటి బళ్ళు) వేసుకుని రెండు రోజుల పాటు ఒక ఊరినే నిలబెడతారు. కరెంటు ఉండదు, చలి ఎముకలు కొరుకుతుంది. “ఈ వయసులో నేల మీద పడుకునే ఖర్మ మనకెందుకు” అని గది బుక్ చేసినవాడు మా తోడల్లుడు. ప్రెసిడెంట్స్ డే సెలవు వారాంతం కాబట్టి మూడు రాత్రులకు తక్కువైతే గది ఇచ్చేది లేదన్నారు హోటల్‌వారు. మైదానానికి అక్కడి నుంచి కారులో 40 నిమిషాలు.

పగటి చుట్లు ఇట్టే గడిచిపోయాయి. సైకిల్ ఎక్కేముందు అందరూ గుంపుగా పరుగెత్తాలన్న సంగతి తెలియక, బిగుతు బూట్లతో ఉరికిన వరంగల్ కుర్రవాడు మాత్రం సాయంత్రం దాకా మమ్మల్ని తిడుతూనే ఉన్నాడు. బాట మొదట్లో జీపురోడ్డు మీద వరుసగా ఎత్తుపల్లాలు, ఆ తరువాత నిలువెత్తు సగువారో జెముళ్ళ మధ్య సన్నని దారి, చివర జనం గుమిగూడి కేకలు వేసే రాతి దిగుడు. ధైర్యం చాలనివారికి దాని పక్కనే వేరే దారి ఉంది. మూడుసార్లూ నేను ఆ పక్కదారినే వచ్చానని ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఫిబ్రవరి నడుమ అక్కడ సాయంత్రం ఆరు దాటగానే పొద్దు గుంకుతుంది, మరునాడు ఏడు దాటితే గాని పొడవదు. అంటే పందెంలో సగానికి పైగా దీపాల వెలుగులోనే తొక్కాలి. దీపం లేకుండా బాట మీదికి పంపరు. మైదానంలో కరెంటు లేదు కనుక, అదనపు బ్యాటరీలన్నీ గదిలో ఛార్జింగ్ పెడతానని రాత్రి 7:45కు మా తోడల్లుడు హోటల్‌కు వెళ్ళాడు. నా రెండో చుట్టు ముగిసేది 1:20కి. ఆయన 12:30కే బయలుదేరి వచ్చి బేటన్ అందుకోవాలని ఒప్పందం.

సరిగ్గా 1:20కే వచ్చాను. డేరాలో ఆయన లేడు. ఫోనులో సిగ్నల్ లేదు. నా బ్యాటరీ చివరి ఎర్రగీత మీద ఉంది, కాకినాడ మిత్రుడి బ్యాటరీ అప్పటికే అయిపోయింది, వరంగల్ కుర్రవాడిది హోటల్లో ఉంది. చేతిలో బేటన్ పట్టుకుని, పెళ్ళిపందిట్లో వరుడి కోసం ఎదురుచూసే పురోహితుడిలా 52 నిమిషాలు నిలబడ్డాను.

అప్పుడు గాని నా ఎడమ పిక్క గుర్తుకు రాలేదు. దారి మలుపులో చోయా జెముడును ఒరుసుకున్నాను. నిమ్మకాయంత ముద్ద ఒకటి మేజోటి మీదుగా పిక్కలో దిగబడి ఉంది. చేత్తో తీయబోతే వేళ్ళకు అంటుకుంటుంది, ఎందుకంటే దాని ముళ్ళకు కంటికి కనబడని వెనుకచూపు నూగుకొక్కేలు ఉంటాయి. మా పక్క గుడారంలోని అరవై దాటిన పెద్దాయన ఒకరు నన్ను చూసి, మారుమాట లేకుండా రెండు మామూలు తల దువ్వెనలు తెచ్చారు. ఒకదానితో చర్మాన్ని అదిమిపట్టి, రెండోదాన్ని ముద్ద కిందికి జొనిపి ఒక్క విదిలింపుతో ఎగరగొట్టారు. మిగిలిన పదకొండు ముళ్ళను తలదీపం వెలుగులో పటకారుతో లెక్కపెడుతూ పీకారు. ఆ తరువాత నిప్పుల మీద వేడిచేసిన గోధుమ రొట్టెలో ఉడికిన చిక్కుడుగింజలు పెట్టి ఇచ్చారు. నేను మా డబ్బాలోని గోంగూర పచ్చడి ఇవ్వబోతే, వాసన చూసి, ముందు తన మనుమడికి పెట్టి చూశారు. ఆ ప్రయాణంలో నేను తిన్న ఒకే ఒక్క మంచి భోజనం అది.

2:12కు మా తోడల్లుడు వచ్చాడు. జరిగినదేమిటంటే, 12:30కు కారులో కోటు కోసమని ఆయన బయటికి రాగానే తలుపు పడింది, తాళంకార్డు పనిచేయలేదు. దీపం, హెల్మెట్, బ్యాటరీలు అన్నీ లోపలే. ఆఫీసు గది 11 గంటలకే మూసేశారు. తలుపుకు అంటించిన నంబరుకు ఫోను చేస్తే, ఆ మూసిన ఆఫీసులోనే అది మోగడం ఆయనకు అద్దంలోంచి వినిపిస్తున్నదట! దాదాపు గంట తరువాత ఎవరో కళ్ళు నులుముకుంటూ వచ్చి తీశారు. క్షమించమన్న మాట కూడా లేదు, “కార్డును ఫోను పక్కన పెట్టకూడదు” అన్న ఉపదేశం మాత్రం దక్కింది.

మేము ఆదివారం 12:04కు పన్నెండో చుట్టు ముగించాము. మొత్తం 192 మైళ్ళు. ఆ 52 నిమిషాలు చేతిలో ఉండి ఉంటే 12 లోపే అది ముగించి, పదమూడో చుట్టుకు వెళ్ళి 200 దాటేవాళ్ళమని వరంగల్ కుర్రవాడు కాగితం మీద వేసి చూపించాడు. మా తోడల్లుడు ఆ కాగితం చూడనన్నాడు. దారి పొడవునా కారులో మాట లేదు. కొత్త అల్లుడి అలక అంటారే, పదేళ్ళు దాటిన అల్లుడికి కూడా అది వస్తుందని ఆ రోజు తెలిసింది.

అక్కడితో అయిపోలేదు. సైకిళ్ళు బయట పెడితే మా బాధ్యత కాదని, లోపలే పెట్టుకోమని శుక్రవారం చెప్పిన హోటల్‌వారే, తివాచీకి మట్టి అంటిందని 85 డాలర్లు కార్డు మీద కొట్టారు. మూడో రాత్రి సొమ్ము తిరిగి ఇవ్వమని అడిగితే, ఈసారి వచ్చినప్పుడు 10 శాతం తగ్గిస్తామన్నారు.

వెళ్ళేవారు గురువారమే వెళ్ళి డేరాకు దగ్గరగా చోటు పట్టుకోండి. గడ్డకట్టే చలికి తట్టుకునే పడకసంచి తీసుకోండి. మనిషికి రెండు బ్యాటరీలు, జట్టుకు ఒక చిన్న జనరేటర్ లేదా పెద్ద పవర్ బ్యాంక్ తప్పనిసరి. ట్యూబ్‌లెస్ టైర్లలో ముళ్ళు చేసిన రంధ్రాలను పూడ్చే ద్రవం నిండుగా పోయించుకోండి. కట్టెల మోపు 8 డాలర్లకు దారిలోనే కొనండి. దువ్వెనలు రెండు, ఒకటి కాదు.

మా తోడల్లుడు నిన్న లెక్క పంపాడు: 612, 85 కలిపి తలా 174 డాలర్ల 25 సెంట్లు. గది వాటా 153 పంపించాను. తివాచీ వాటా 21 డాలర్ల 25 సెంట్లు ఇంకా పంపలేదు.